సొంత లారీ, సొంత స్టీరింగ్: ఓనర్ కమ్ డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

లారీ కొని తామే నడుపుకోవాలనుకునేవాళ్ళు, ఇప్పటికే నడుపుతున్నవాళ్ళు ఆటోనగర్లలో, యూనియన్ ఆఫీసుల్లో, కాటాల దగ్గర మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలివి. దేనికి కావాలంటే దానికే వెళ్ళి చదువుకోవచ్చు. లెక్కలన్నీ సరుకుతో కలిపి మొత్తం బరువు 28.5 టన్నులుండే పది టైర్ల బండికి, డీజిల్ లీటరు 96 రూపాయల చొప్పున వేసిన నమూనాలు. మీ బండి అంకెలు పెట్టి తిరిగి వేసుకోండి.

## కొనే ముందు

చేతిలో ఎంత డబ్బుంటే లారీ కొనొచ్చు?

డౌన్‌పేమెంటుకు సరిపోతే చాలనుకుని దిగినవాళ్ళే మొదటి ఏడాదిలో బండి వదులుకుంటారు. ఛాసిస్, బాడీ కట్టుబడి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 36 లక్షలైంది, ఫైనాన్స్ 28 లక్షలు ఇచ్చింది అనుకుందాం. మీరు పెట్టాల్సింది 8 లక్షలు. 10.5 శాతం వడ్డీకి ఐదేళ్ళకు కిస్తీ నెలకు సుమారు 60,200 పడుతుంది. మూడు కిస్తీలకు 1.8 లక్షలు, డీజిల్, టోల్ తిప్పుకోవడానికి లక్ష, అనుకోని రిపేరుకు 70 వేలు విడిగా ఉంచాలి. అంటే ఇంకో మూడున్నర లక్షలు. ఈ డబ్బుంటేనే గిట్టని లోడు వచ్చినప్పుడు "వద్దు" అని చెప్పగలరు. అది లేనివాళ్ళు కిస్తీ తేదీ దగ్గరపడేసరికి బ్రోకరు ఎంత చెబితే అంతకే ఎక్కించుకోవాల్సి వస్తుంది. సొంత బండే, నిర్ణయం మాత్రం పక్కవాడిది.

కొత్త బండి మంచిదా, సెకండ్ హ్యాండ్ మంచిదా?

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. గుంటూరు నుంచి కోల్‌కతా, ఢిల్లీ లాంటి లాంగ్ రూట్లలో నెలకు 8,000 కిలోమీటర్లు దాటితే కొత్త బండి కిస్తీ మోస్తుంది. ఇసుక, కంకర, లోకల్ సిమెంట్ అయితే తిరిగేది 3,000 కూడా ఉండదు. అక్కడ తక్కువ కిస్తీ ఉన్న పాత బండే నిలబడుతుంది.

పాతది కొనేటప్పుడు రెండు తేదీలు చూడండి. రెండు ఇరుసుల బండికి 12 ఏళ్ళు, అంతకన్నా ఎక్కువ ఇరుసులున్న బండికి 15 ఏళ్ళు దాటితే నేషనల్ పర్మిట్ ఇవ్వరు. ఇక ఢిల్లీ రూటు ఉంటే, 2025 నవంబరు 1 నుంచి అక్కడ రిజిస్టర్ కాని బీఎస్3 (బీఎస్ అంటే పొగ కాలుష్య ప్రమాణం), అంతకు పాత సరుకు బండ్లను ఆపేశారు. బీఎస్4 బండ్లకు గడువు 2026 అక్టోబరు 31.

పాత బండి చూడ్డానికి వెళ్తే ఏమేం పరీక్షించాలి?

మెకానిక్‌ను తీసుకెళ్ళండి, పొద్దున్నే వెళ్ళండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచితే అసలు జబ్బు బయటపడదు. స్టార్టయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ గుప్పున ఎగదన్నుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయాయని అర్థం. బండి కిందకి దూరి ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా వెనక కమాన్ల (స్ప్రింగు పట్టీల) బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్ మచ్చలు, కొత్తగా కొట్టిన పెయింటు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. ఓవర్‌లోడ్ తిరిగిన బండి అక్కడే పగులుతుంది. ఛాసిస్ నంబరును పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది ఆర్‌సీతో సరిపోల్చండి.

కాగితాల వైపు, రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందో లేదో, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. ఈ-చలాన్లు, త్రైమాసిక పన్ను బకాయిలు వేరేగా చూడాలి. బకాయిలుంటే పేరు మార్పు ఆగిపోతుంది, కాబట్టి అవి తీరాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఫైనాన్సువాళ్ళు వడ్డీ 9 శాతమే అంటున్నారు. చవకే కదా?

"ఫ్లాటా, రెడ్యూసింగా?" అని అడగండి. 10 లక్షలు, 9 శాతం ఫ్లాట్, నాలుగేళ్ళు అంటే వడ్డీ 3.6 లక్షలు, కిస్తీ 28,333. మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి 10 లక్షల మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద చూస్తే ఇది దాదాపు 16 శాతం. పక్క బ్యాంకు 12 శాతం రెడ్యూసింగ్ అంటే అదే చవక. ముందే తీర్చేస్తే ఎంత ఛార్జీ వేస్తారో కూడా సంతకం పెట్టకముందే రాతలో తీసుకోండి. లారీ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవే, వాటికి ఆ ఛార్జీ ఉంటుంది.

## కాగితాలు

ఏపీ బండితో తెలంగాణ లోడు కొట్టాలంటే నేషనల్ పర్మిట్ కావాల్సిందేనా?

2014 విభజన తర్వాత ఏపీ స్టేట్ పర్మిట్ ఏపీ వరకే, తెలంగాణది తెలంగాణ వరకే. ఎప్పుడో ఒకసారి దాటేవాళ్ళకు టెంపరరీ పర్మిట్ సరిపోతుంది. నెలకు రెండు మూడుసార్లు నందిగామ దాటి హైదరాబాద్ వెళ్ళేవాళ్ళకు నేషనల్ పర్మిటే లాభం. దేశమంతటికీ కలిపి ఏడాదికి 16,500, ఆథరైజేషన్ ఫీజు మరో 1,000. సొంత రాష్ట్రంలో కట్టే త్రైమాసిక పన్ను దీనికి అదనం.

ఫిట్‌నెస్ ఎన్నేళ్ళకోసారి?

బండికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా. గడువు దాటిన బండి ప్రమాదంలో ఇరుక్కుంటే ఇన్సూరెన్స్ కంపెనీ మొట్టమొదట వేలు పెట్టేది అక్కడే. కాగితాలు డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతాయి, అయినా ఒక జిరాక్స్ సెట్టు కేబిన్‌లో ఉంచండి. ఘాట్ రోడ్ల మీద సిగ్నల్ అందదు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటి కడితే చాలదా?

ఫైనాన్స్ ఉన్నంతకాలం వాళ్ళే ఒప్పుకోరు. ఫైనాన్స్ తీరాక కూడా ఫుల్ ఇన్సూరెన్స్ మానొద్దు. 20 నుంచి 40 టన్నుల బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో పెట్టిన రేటు ప్రకారం 43,950. దీనిమీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం. ఇది ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికే. మీ బండి బోల్తా పడితే పైసా రాదు.

ఫుల్ పాలసీ తీసుకున్నా "ఐఎంటీ 23" రాసి ఉందో లేదో చూడండి. అది లేకపోతే సరుకు బండికి లైట్లు, మడ్‌గార్డులు, బంపర్లు, టైర్లు, పెయింటు మీద క్లెయిమ్ రాదు. ముందు గుద్దుకున్న ప్రతి లారీకి మొదట పోయేవి అవే. చిన్న ప్రీమియం మిగుల్చుకోవడానికి ఏజెంట్ దాన్ని తీసేస్తుంటాడు. ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి. మీ లైసెన్స్ గడువులో ఉంటేనే అది చెల్లుతుంది. బదిలీ డ్రైవర్‌ను పెట్టే అలవాటుంటే పెయిడ్ డ్రైవర్ లయబిలిటీ కూడా చేర్పించండి, ఖర్చు నామమాత్రం.

బండి షెడ్డులో నెలలు ఉండిపోతే పన్ను కట్టాలా?

కట్టక్కర్లేదు, కానీ చెప్పడం ముందే జరగాలి. క్వార్టర్ మొదలవకముందే బండి నడపడం లేదని ఆర్టీఓ ఆఫీసుకు స్టాపేజ్ రిపోర్ట్ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. క్వార్టర్ మధ్యలో ఇస్తే ఆ క్వార్టర్ పన్ను పడుతుంది. స్టాపేజ్‌లో ఉన్న బండి రోడ్డు మీద దొరికితే పెనాల్టీతో కట్టిస్తారు.

## కిరాయి, లోడు

ఏ రేటుకు లోడు ఎక్కిస్తే గిట్టుతుందో ఎలా తెలుస్తుంది?

ఈ వృత్తిలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సిన లెక్క ఇది. చాలామంది "డీజిల్, టోల్ పోను ఇంత మిగిలింది" అని సంతోషపడతారు. అందులోనే టైర్లు అరిగాయి, ఇన్సూరెన్స్ నెలొకటి కరిగింది, మీ జీతం లేదు.

ముందు బండి కదలకపోయినా పడే ఖర్చు రాయండి. కిస్తీ 60,200, ఇన్సూరెన్స్ నెలకు 8,000, పర్మిట్, పన్ను, ఫిట్‌నెస్ కలిపి 5,000, పార్కింగ్, ఫోను, జీపీఎస్ 1,800, డ్రైవర్‌గా మీ జీతం 25,000. మొత్తం లక్ష. జీతం రాసుకోవాల్సిందే, మీరు జ్వరంతో పడుకుంటే ఆ డబ్బు ఇంకో డ్రైవర్‌కు ఇస్తారు కదా.

తర్వాత కిలోమీటరుకు పడేది. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లిస్తే డీజిల్ 24 రూపాయలు. యాడ్‌బ్లూ (బీఎస్6 బండి పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం) 75 పైసలు. పది టైర్లు 2.2 లక్షలు, 90 వేల కిలోమీటర్లు నడిస్తే 2.45. సర్వీసు, రిపేర్లు 1.50. టోల్ సగటున 4. తిండి, దారి ఖర్చులు 1.50. మొత్తం 34.20.

నెలకు 7,000 కిలోమీటర్లు తిరిగితే స్థిర ఖర్చు కిలోమీటరుకు 14.30 పడుతుంది. రెండూ కలిపితే 48.50. అందులో ఐదో వంతు ఖాళీగా తిరిగితే, ఖాళీలో డీజిల్ కాస్త తక్కువే తాగినా, లోడు కిలోమీటరుకు దాదాపు 60 రావాలి. బండి సొంత బరువు పోను పట్టే 19 టన్నుల సరుకుకు పంచితే టన్నుకు కిలోమీటరుకు సుమారు 3.15. అంటే 270 కిలోమీటర్ల విజయవాడ–హైదరాబాద్‌కు టన్నుకు 850 కన్నా తక్కువైతే మీ జీతంలోంచి పెట్టుకుంటున్నట్టే. అదే బండి నెలకు 9,500 తిరిగితే స్థిర ఖర్చు 10.50కి దిగుతుంది. లాభం రేటులోనే ఉందనుకోకండి, బండి ఆగని రోజుల్లో కూడా ఉంది.

రిటర్న్ లోడు చాలా తక్కువ రేటుకు ఇస్తున్నారు. ఖాళీగా వచ్చేయడం నయమా?

ఎలాగూ రావాల్సిన దారే కాబట్టి లోడు వల్ల అదనంగా పడేదే చూడాలి. ఖాళీ బండికీ లోడు బండికీ డీజిల్, టైర్ల తేడా కిలోమీటరుకు సుమారు 8 రూపాయలు. 600 కిలోమీటర్లకు 4,800. ఆ లోడు కోసం రెండు రోజులు ఆగితే, నెలకు లక్ష స్థిర ఖర్చున్న బండికి రోజుకు 3,300 చొప్పున ఇంకో 6,600. మొత్తం 11,400. 19 టన్నుల మీద టన్నుకు 600 దాటి, కమీషన్ పోను మిగిలితేనే ఆగాలి. ఇదే లోడు పొద్దున చెప్పి సాయంత్రానికి ఎక్కిస్తే టన్నుకు 300కీ నష్టం లేదు. రిటర్న్ లోడును చంపేది రేటుకన్నా ఎదురుచూపే. అయితే పోయే లోడును ఎప్పుడూ ఈ లెక్కతో ఎక్కించకండి. అందరూ అలా చేయబట్టే కొన్ని రూట్లలో కిరాయిలు ఏళ్ళ తరబడి పైకి లేవడం లేదు.

ఓవర్‌లోడ్ వేస్తేనే మిగులుతుందంటారు. నిజమేనా?

కాదు. 2018 జూలైలో బరువు పరిమితి పెంచాక పది టైర్ల బండికి మొత్తం 25 బదులు 28.5 టన్నులు, పన్నెండు టైర్ల బండికి 31 బదులు 35 టన్నులు అయింది. పాత బండి అయితే ఆర్‌సీలో ఏ అంకె ఉందో అదే చెల్లుతుంది. 5 టన్నులు ఎక్కువ వేస్తే టన్నుకు 1,200 చొప్పున వచ్చేది 6,000. పట్టుబడితే 2019 సవరణ చట్టం ప్రకారం 20,000, పైన టన్నుకు 2,000, మొత్తం 30,000. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మీదే. పట్టుబడకపోయినా కమాన్లు, క్రౌన్, బ్రేక్ లైనర్లు ఆ డబ్బు లాక్కుంటాయి.

ఫుల్ ట్యాంకు, స్టెప్నీ, పట్టాలు (టార్పాలిన్లు), తాళ్ళతో ఒకసారి ఖాళీ కాటా వేయించుకుని ఆ చీటీ దగ్గర పెట్టుకోండి. ఎంత సరుకు పడుతుందో నోటిలెక్కతో తేల్చొద్దు.

బ్రోకరుతో మాట్లాడుకునేటప్పుడు ఏమేం తేల్చుకోవాలి?

లోడింగ్‌కు బయల్దేరక ముందే వాట్సాప్‌లో రాతలో ఉండాలి: టన్నుకు రేటు, గ్యారంటీ టన్నులు, ఎక్కించే చోటు, దింపే చోటు, అడ్వాన్సు ఎంత శాతం, బ్యాలెన్సు ఏ రోజు, కమీషన్ ఎంత, హమాలీ ఎవరిది. వీటికన్నా ఎక్కువ గొడవలు వచ్చేది హాల్టింగ్ (బండి ఆగిన రోజులకు ఇచ్చే డబ్బు) దగ్గర. "24 గంటల తర్వాత రోజుకు 3,000" అని అంకె రాయించండి. "చూసుకుందాంలే అన్నా" అన్న మాటకు గోడౌన్ ముందు మూడు రోజులు నిలబడ్డాక విలువ ఉండదు. గేటు దగ్గరికి చేరగానే బండి నంబరు, గేటు బోర్డు కనిపించేలా ఫోటో తీసి పంపండి, రిపోర్టింగ్ టైముకు అదే సాక్ష్యం. ఎల్‌ఆర్ (సరుకుకు రాసే లారీ రసీదు) మీద గేటు ఎంట్రీ టైము కూడా వేయించండి.

బ్యాలెన్సు కిరాయి నెలలు గడిచినా ఇవ్వడం లేదు. ఏం చెయ్యాలి?

ఉద్యమ్ పోర్టల్‌లో మైక్రో సంస్థగా రిజిస్టర్ అవ్వండి, ఉచితం, ఆధార్, పాన్ చాలు. లోడు కొట్టకముందే అయి ఉండాలి. అప్పుడు చట్టప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదు ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. చాలాసార్లు రిజిస్ట్రేషన్ నంబరు వేసిన బిల్లు, ఒక నోటీసు పంపితేనే డబ్బు కదులుతుంది.

సరుకు అందినట్టు సంతకం, ముద్ర ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ అసలు కాపీ పంపేముందు రెండు వైపులా ఫోటో తీయండి. "మాకు అందలేదు" అన్నదే బ్యాలెన్సు ఆపడానికి మొదటి సాకు.

షార్టేజ్ పేరుతో కిరాయి కోసేస్తున్నారు. ఒప్పుకోవాలా?

ఎక్కించేటప్పుడు మీ కాటా చీటీ, సీలు నంబరు, సంచుల లెక్క ఉంటే వాదించగలరు. దింపే చోట వేరే కాటా మీద తూస్తే 30, 40 కిలోల తేడా కాటాల వల్లే రావచ్చు. వర్షంలో తడిసిన సరుకు మాత్రం మీ పట్టా చిల్లులకే ఖాతా అవుతుంది. మిర్చి, సిమెంట్, బియ్యం ఎక్కించే ముందు పట్టాను ఎండలో పరచి కిందినుంచి చూడండి, సూది చిల్లు కూడా వెలుతురుగా కనిపిస్తుంది. షార్టేజ్ రాసిన ఎల్‌ఆర్ మీద సంతకం చేయాల్సి వస్తే, పక్కన మీ అభ్యంతరం కూడా రాసి సంతకం పెట్టండి.

బండిని ఒకే కంపెనీకి అటాచ్ చేయాలా, యూనియన్ సీరియల్‌లో ఉంచాలా, ఓపెన్‌లో తిప్పాలా?

అటాచ్ చేస్తే లోడు వెతుక్కోవాల్సిన పని లేదు, రేటు మాత్రం వాళ్ళది. డీజిల్ పెరిగితే కిరాయి పెరిగే షరతు ఒప్పందంలో లేకపోతే చేరొద్దు. సిమెంట్ ఫ్యాక్టరీల దగ్గర యూనియన్ సీరియల్‌లో రేటు నిలకడగా ఉంటుంది, కానీ వంతు వచ్చేదాకా ఆగాలి. ఓపెన్‌లో, అంటే ఎక్కడ లోడు దొరికితే అక్కడ తిప్పితే, సీజన్ మీద సంపాదన: వేసవిలో గుంటూరు మిర్చి, నూజివీడు, జగిత్యాల మామిడి, భీమవరం, కైకలూరు వైపు నుంచి ఉత్తరాదికి, ఈశాన్యానికి చేపలు. వానాకాలంలో నిర్మాణాలు తగ్గి సిమెంట్, ఇసుక పడిపోతాయి. కిస్తీ ఉన్నంతకాలం నెలలో సగం రోజులకు ఏదో ఒక ఖాయం లోడు పెట్టుకుని, మిగతా సగం ఓపెన్‌లో తిప్పడమే మా సలహా.

## రోడ్డు మీద

ఈ-వే బిల్లు టైము దారిలో అయిపోతే?

సరుకు వెంట ఉండాల్సిన ఈ జీఎస్టీ ఆన్‌లైన్ పత్రానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. బ్రేక్‌డౌన్ అయినా, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. అది ట్రాన్స్‌పోర్టువాళ్ళ లాగిన్‌లో జరగాలి కాబట్టి రాత్రి పదికి ఫోన్ ఎత్తే మనిషి నంబరు తీసుకునే బయల్దేరండి. బండి మార్చి సరుకు ఎక్కిస్తే ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్ బీలో కొత్త నంబరు పడాలి.

టోల్‌లో ఏమైనా మిగుల్చుకోవచ్చా?

24 గంటల్లో తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే. అదే ప్లాజా రోజూ దాటేవాళ్ళకు నెలకు 50 ట్రిప్పుల పాస్ మూడింట రెండొంతుల ధరకు వస్తుంది. ప్లాజా ఉన్న జిల్లాలోనే రిజిస్టరై, నేషనల్ పర్మిట్ లేని కమర్షియల్ బండికి సగం రాయితీ ఉంది, అడిగితేగానీ ఇవ్వరు. ఫాస్టాగ్ పనిచేయకపోతే, 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు. ట్యాగ్‌లో డబ్బుండి వాళ్ళ మెషీనే పనిచేయకపోతే కట్టకుండా వెళ్ళే హక్కు మీది.

బీఎస్6 బండి లోడుతో ఉన్నట్టుండి లాగడం మానేస్తోంది. ఎందుకు?

ముందు యాడ్‌బ్లూ చూడండి. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధిచేసిన నీరు. రోడ్డు పక్క డబ్బాల్లో చవగ్గా దొరికేదాంట్లో ఎరువుల యూరియా, బోరు నీళ్ళు కలుపుతారు. ఆ నీళ్ళలోని లవణాలు డోసింగ్ ఇంజెక్టర్ మూతి దగ్గర తెల్లగా గడ్డకడతాయి. సెన్సర్ తప్పు పట్టగానే ఇంజిన్ తానే పవర్ తగ్గించేస్తుంది, ఘాట్ మధ్యలో బండి నత్తలా పాకుతుంది. ట్యాంకు మూత చుట్టూ తెల్లపొడి కనిపిస్తే గోరువెచ్చని నీళ్ళతో కడగండి, ఇంజెక్టర్ విప్పించి శుభ్రం చేయించండి. ఎస్‌సీఆర్ (యాడ్‌బ్లూతో పొగను శుభ్రం చేసే భాగం) పాడైతే ఖర్చు లక్ష దాటొచ్చు. బంకులో మెషీన్ నుంచి పోయించుకోవడమో, సీలున్న కంపెనీ డబ్బా కొనడమో చేయండి. వంద లీటర్ల డీజిల్ కాలితే 4 నుంచి 6 లీటర్ల యాడ్‌బ్లూ పట్టడం మామూలే.

వెనక టైర్లు ఒకవైపే తొందరగా పోతున్నాయి?

జంట టైర్లలో ఒకటి కొత్తది, ఒకటి అరిగినది వేశారేమో చూడండి. ఎత్తు ఎక్కువున్నదే బరువంతా మోసి వేడెక్కి పేలుతుంది, పొట్టిది నేలమీద రాసుకుంటూ అరుగుతుంది. జంటలో గాలి సమానంగా ఉండాలి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. లోపలి టైరు వాల్వ్‌కు చెయ్యి అందదని వదిలేస్తారు, అక్కడే చేటు, ఎక్స్‌టెన్షన్ వేయించండి. రీట్రెడ్ చేయించాలనుకుంటే గుర్తు గీత దాకా అరగనివ్వకుండా ముందే తీయాలి, లోపలి తీగ బయటపడ్డ టైరు ఎవరూ తీసుకోరు.

లోడు మీద, కేబిన్‌లో మనుషులను ఎక్కించుకోవచ్చా?

లోడు మీద ఎవరూ వద్దు, కేబిన్‌లో సరుకు యజమాని లేదా అతని తరపున వచ్చిన మనిషి తప్ప మరెవరూ వద్దు. దారిలో చేయెత్తినవాళ్ళకు ఏదైనా జరిగితే ఆ పరిహారం ఇన్సూరెన్స్ కిందికి రాదు, మీ ఆస్తి మీద పడుతుంది.

ప్రమాదం జరిగితే మొదట ఏం చెయ్యాలి?

గాయపడినవాళ్ళను ఆసుపత్రికి చేర్చడం, పోలీసులకు చెప్పడం చట్టం పెట్టిన బాధ్యత. గుంపు కొడుతుందన్న భయముంటే 112కి ఫోన్ చేసి దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్ళండి. ఇన్సూరెన్స్‌కు అదే రోజు తెలియజేయాలి. సరుకు బండికి అక్కడికక్కడ స్పాట్ సర్వే చేస్తారు, బండి కదిపేముందు నాలుగువైపులా ఫోటోలు తీయండి. క్లెయిమ్‌కు ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, లైసెన్స్, ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఆ రోజు ఎక్కించిన లోడు ఎల్‌ఆర్ కూడా అడుగుతారు. పర్మిట్ లేదా లైసెన్స్ చెల్లకపోతే కోర్టు కంపెనీ చేత బాధితుడికి కట్టించి, దాన్ని మీ నుంచి వసూలు చేయిస్తుంది.

## పన్నులు

నేను జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా?

ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి బండి కిరాయికిస్తూ, మీ పేరుతో ఎల్‌ఆర్ రాయనంతవరకు అక్కర్లేదు, ఆ కిరాయికి మినహాయింపు ఉంది. మీ పేరుతో ఎల్‌ఆర్ పుస్తకం కొట్టించుకుని రాయడం మొదలుపెడితే గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ అయిపోతారు, లెక్క మారుతుంది.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వెయ్యాలా? లెక్కల పుస్తకాలు లేవు.

పది బండ్లకు మించి లేనివాళ్ళకు 44ఏఈ అని పిలిచే అంచనా పద్ధతి ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారింది, పద్ధతి కొనసాగుతోంది. 12 టన్నులు దాటిన బండికి మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 లాభంగా చూపితే చాలు. 28.5 టన్నుల బండికి ఏడాదికి 3.42 లక్షలు. బండి మీ పేరున ఉన్న ప్రతి నెలా లెక్కే, షెడ్డులో ఉన్నా సరే. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి ఒక్క బండికి పన్ను పడదు. పన్ను లేదని రిటర్న్ మానేయకండి, రెండో బండికి బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే.

కిరాయిలో టీడీఎస్ కోస్తున్నారు. ఆపొచ్చా?

పది బండ్లకు మించి లేవని డిక్లరేషన్, పాన్ నంబరు ఇస్తే కోయకూడదు. ఏడాది మొదట్లోనే ప్రతి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకూ ఇచ్చేయండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం దాకా పోతుంది.

## ఇల్లు, ఒళ్ళు

సొంత బండే కదా, కావాలనుకున్నప్పుడు ఇంటికి రాలేకపోతున్నాను?

సెలవు ముందే లెక్కలో పెట్టకపోతే ఎప్పటికీ రాదు. నెలకు 24 రోజులే బండి తిరుగుతుందని కిరాయి లెక్క వేసుకోండి. సర్వీసును ఇంటి దగ్గర ఆటోనగర్‌లోనే పెట్టుకుంటే ఆగే రోజు, ఇంటి రోజు ఒకటవుతాయి. పండగలకు బయటి లోడు చివరి నిమిషంలో వదులుకునే బదులు, వారం ముందే ఇంటివైపు రిటర్న్ బుక్ చేసుకోండి.

ఎంతసేపు నడపొచ్చు?

రోజుకు 8 గంటలు దాటకుండా, ప్రతి మూడు నాలుగు గంటలకు దిగి నడవండి. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య నిద్ర కళ్ళు మూయకుండానే పట్టేస్తుంది. ఆ టైములో టీ మీద ఆధారపడకుండా లైట్లున్న బంకులో ఆపి పడుకోండి. డెలివరీ టైము మాట్లాడుకునేటప్పుడే ఆ నిద్ర కలిపి చెప్పండి. బ్యాంకు ఖాతా నుంచి ఏటా 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవనజ్యోతి బీమా ఆటో డెబిట్‌లో పెట్టండి, చెరో 2 లక్షలు. నామినీ పేరు ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి.

## అమ్మేటప్పుడు

బండి అమ్మేశాను, డబ్బు వచ్చేసింది. ఇంకా పని ఉందా?

అసలు పని అదే. ఆర్‌సీలో పేరు మారేదాకా ఆ బండి చేసిన ప్రమాదానికి మీరే ఓనర్. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఫైనాన్స్ ఉంటే ఎన్‌ఓసీ, ఫారం 35తో ముందు దాన్ని తీయించండి. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు చేసి, 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేసి రసీదు తీసుకోండి. వేరే రాష్ట్రానికి పోతే ఫారం 28 (ఆర్టీఓ ఎన్‌ఓసీ) కావాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకరు చేతికివ్వొద్దు, కొన్నవాడి పేరు, తేదీ నింపాకే పెట్టండి. పేరు మారిందని పరివాహన్‌లో మీ కళ్ళతో చూశాక పాత ఫాస్టాగ్ మూయించి డిపాజిట్ వెనక్కి తీసుకోండి, మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్ళకు ఇచ్చే రాయితీ) లెటర్ కూడా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి తెచ్చుకోండి. తర్వాత కొనే బండికి సొంత నష్టం (ఓన్ డ్యామేజ్) ప్రీమియంలో అది 50 శాతం దాకా తగ్గిస్తుంది.